మూగనోమాయన చెప్పిన సారీ

ఆ ఉదయం సెలూన్ పెద్దాయన ఒక్క పని మనసులో పెట్టుకుని షాపు తెరిచాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ సారీ చెప్పాలి.

పని అప్పగించింది కోడలు. ఎదురుగా అద్దాల తలుపుల కొత్త షాపు వెలిశాక పాత బేరాలు ఒక్కొక్కటే రోడ్డు దాటుతున్నాయి.

"అక్కడ నీళ్లు చల్లగా తగిలినా సారీ, తల వంచమన్నా సారీ అంటారట మామయ్యగారూ. మీరేమో కూర్చోమని కూడా అనరు."

"తప్పు చెయ్యకుండా సారీ ఏంటమ్మా?"

"ఇప్పుడది తప్పుకి కాదండీ, మర్యాదకి."

వీధి వీధంతా ఆయన్ని మూగనోము అంటుంది. అంతవరకూ ఆయన చేతిలో కత్తి జారింది లేదు గనుక సారీ అనే మాటతో అవసరమూ పడలేదు.

మొదటి బేరం ప్లీడరుగారు. గద్ద రెక్కలు విప్పినట్టుండే మీసం ఆయనది. వారం వారం వచ్చే మనిషి ఈమధ్య కనబడలేదు. ఆయన రోడ్డు దాటితే కోర్టు గుమస్తాలంతా వెనకే దాటుతారు. ఆ తర్వాత ఈ షాపుకు తాళమే.

మెడ దాకా తెల్లగుడ్డ కప్పి, కుర్చీ వెనక్కి వాల్చి, మొహమంతా నురగ పట్టించాడు. ప్లీడరుగారు హాయిగా కళ్లు మూశారు. కత్తి చెంప మీంచి పైపెదవి దగ్గరకు వచ్చింది. ఇదే అదననుకుని పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"సారీ అండీ."

ప్లీడరుగారి కళ్లు తెరుచుకున్నాయి. "దేనికి?"

"ఊరికే."

ఊరికే అన్న మాటను ప్లీడరుగారు నమ్మి ఎరుగరు. ముద్దాయి క్షమించమన్నాడంటే నేరం జరిగినట్టే. పైగా ఇన్నేళ్లుగా నోరు విప్పని ముద్దాయి. చెవులు తడుముకున్నారు, రెండూ ఉన్నాయి. ఇక మిగిలింది మీసం. అద్దంలో చూసుకుందామని చటుక్కున లేవబోయారు. మీసం ఎడమ రెక్క కొస కత్తికి తెగి, నురగతో సహా ఒళ్లో పడింది.

ఇప్పుడు నిజంగానే తప్పు జరిగింది. చెప్పవలసిన మాట మాత్రం అప్పటికే ఖర్చైపోయింది.

రెండోవైపు సమం చెయ్యమన్నారు ప్లీడరుగారు. చేస్తే అది పొట్టిదైంది. మొదటిది దిద్దితే ఇది పొడుగైంది. కోతి రొట్టె పంచినట్టు పంచగా పంచగా మిగిలింది ఈగంత. అదీ తీసెయ్యమని, చూడలేక ప్లీడరుగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు.

పక్క బట్టల షాపాయన చెవిన ఆ సారీ పడనే పడింది. మూగనోము నోరు విప్పాడంటే సామాన్యమా? వచ్చి గుమ్మం తెర తొలగించి చూశాడు. తెల్లగుడ్డ కింద కళ్లు మూసుకుని కదలని మనిషి, పక్కనే కత్తి తుడుచుకుంటున్న పెద్దాయన. గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆయన చెప్పిన కబురు మందుల షాపు దగ్గరకొచ్చేసరికి గాయంగా మారింది. వీధి మలుపులో ప్రాణం మీదికి వచ్చింది. ప్లీడరుగారి ఇంటికి చేరేసరికి "ధైర్యం తెచ్చుకోండమ్మా" అయింది.

భార్య ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి ఆయన చెప్పు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆవిడ వెనకే వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. కుర్చీలో ఎవరో నున్నటి మొహం మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమండీ, మావారేరీ?" అని ఆయన్నే అడిగింది.

"నేనేనే."

ఆవిడ ఆ చెయ్యి లాగేసి చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ చూసింది.

"ఈ మొహాన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అని, పెద్దాయన వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, వారం వారం ఇలాగే తీసెయ్యండి. ఇంకెవరి చెయ్యీ పడనివ్వకండి."

ప్లీడరుగారు వాదించబోయి, అద్దంలో ఓమారు చూసుకుని, కేసు వదులుకున్నారు.

మర్నాడు షాపు తెరిచీ తెరవగానే బల్ల నిండా మీసాలవాళ్లు. గుమ్మం దగ్గర, వాళ్లు లేచి పారిపోకుండా, వాళ్ల భార్యలు.