పరామర్శకు వెళ్లిన ఏడు కండువాలు

"ఇస్త్రీ కండువ ఇయ్యవే. మిర్యాలగూడ దిక్కు చావింటికి పోవాలె," అన్నాడు నాగయ్య పొద్దున్నే.

"పోతే పోయినవ్ గని, జర నాలుగు మాటలు మాట్లాడు. మూగోని లెక్క నిలవడకు," అంది భార్య అంజమ్మ కండువా చేతికిస్తూ.

అంజమ్మ భయం ఊరికే పుట్టలేదు. సూర్యాపేట కూరగాయల వర్తక సంఘానికి కార్యదర్శి అయిన నాగయ్య ముప్పై ఏళ్లుగా నోటితో కంటే వేళ్లతోనే ఎక్కువ మాట్లాడిన మనిషి. ఆ బజారులో బేరం పైకి వినపడేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన కండువా కప్పుకునేవారు. కొనేవాడు ఎన్ని వేళ్లు పట్టి నొక్కితే అంత ధర. అమ్మేవాడు తల ఊపితే బేరం ఖతం. ఆ తర్వాత దేవుడు దిగి వచ్చినా మార్చడానికి లేదని సంఘం నియమం. మాట తప్పిన వర్తకుడికి బజారులో దుకాణం ఉండదు. ఒకే పంటను ఇద్దరికి అమ్మిన రైతు బండి మళ్లీ బజారులో దిగదు. ఈ నియమాలు రాసింది కూడా నాగయ్యే.

ఆ రోజు పరామర్శ దేవదాసుకు. అతనిది మిర్యాలగూడ దగ్గర ఊరవతలి పల్లె, తాతల నాడే క్రైస్తవంలో కలిసిన కుటుంబం. ఆ చుట్టుపక్కల అతనంత బాగా దోసకాయ పండించేవాడు లేడు. పన్నెండేళ్లుగా సూర్యాపేటకు బండ్లు తోలుతున్నాడు. కానీ ఆ పల్లె వాళ్ల చెయ్యి పట్టుకునే అలవాటు బజారులో ఎవరికీ లేదు. వాళ్లకు ధర నాలుగడుగుల దూరం నుంచి నోటితో చెప్పేవారు. నోటి మాట నియమాల్లోకి రాదు కాబట్టి బండి దిగాక ఆ ధర తగ్గేది. ఇందులో అన్యాయం ఉందని సంఘంలో ఒక్కరికీ తోచలేదు. తోచకపోవడం వల్ల వాళ్లకు నష్టమూ లేదు.

అయితే పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలం అది. కొత్తగా వచ్చిన అధికారి, అన్ని కులాల రైతుల పేర్లూ పుస్తకంలో ఉంటేనే సంఘానికి బజారు స్థలం ఇస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే దేవదాసు తల్లి పోయింది. పరామర్శ అయినట్టూ ఉంటుంది, పుస్తకంలో దేవదాసు వేలిముద్ర తెచ్చినట్టూ ఉంటుందని సంఘంలోని ఏడుగురు సభ్యులూ ఒక లారీ ఎక్కారు. అధ్యక్షుడు సైదులు ముందు కూర్చున్నాడు. కోదాడలో ఇంకో దుకాణం నడిపే జానయ్య వెనక గోనెసంచుల మీద కూర్చున్నాడు.

గుడిసె ముందు చాప మీద దేవదాసు తల వంచుకుని ఉన్నాడు. ఇంటి వెనక చేనులో పది బండ్ల దోసకాయ పసుపెక్కి ఉంది. రెండు మూడు రోజుల్లో కొయ్యకపోతే పగిలిపోతుంది. దుఃఖంలో ఎవరూ కొడవలి ముట్టలేదు.

కార్యదర్శి కాబట్టి నాగయ్యే ముందు వెళ్లాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న నాలుగు మాటల్లో ఒక్కటీ గొంతు దాటలేదు. దేవదాసు ముఖం చూడగానే తన తల్లి గుర్తొచ్చింది. కళ్లు నిండాయి. ఏం చేస్తున్నాడో తెలియకుండానే కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాడు. భుజం మీది కండువా జారి రెండు చేతుల మీదా పడింది. కండువా కింద చెయ్యి దొరికితే ఆ వేళ్లు ఊరుకుంటాయా? ముప్పై ఏళ్ల అలవాటు! నాలుగు వేళ్లు పట్టి గట్టిగా నొక్కాయి. దేవదాసు తలెత్తి చూసి, కన్నీళ్లతో తల ఊపాడు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుండగా నాగయ్యకు తను నొక్కిన వేళ్లు గుర్తొచ్చాయి. ఆ వారం బజారు ధర రెండు వేళ్లే!

వెనక నిలబడ్డ జానయ్యకు కండువా ఒక్కటే కనపడింది. 'ఓరి నీ ఇల్లు బంగారం గాను, చావింట్లో బేరమా!' అనుకున్నాడు. అంతలోనే కోదాడలో తన దుకాణం ఖాళీగా కనపడింది. గంభీరంగా వెళ్లి కూర్చుని, తన కండువా కప్పి అయిదు వేళ్లు నొక్కాడు. దేవదాసు మళ్లీ తల ఊపాడు. రెండు కండువాలు చూశాక సైదులు ఆగుతాడా? వేళ్లు అయిపోయాయి గనక ఏకంగా మణికట్టు పట్టుకున్నాడు. మిగతా నలుగురూ వరసగా కూర్చుని కండువాలు కప్పారు. అందరికీ దేవదాసు తల ఊపాడు. అంత నిశ్శబ్దమైన పరామర్శ ఆ పల్లెలో ఎవరూ చూడలేదు.

"మా అత్తమ్మ అంటే వీళ్లకు ఇంత పానమా!" అని దేవదాసు భార్య రూతమ్మ ఇంకాస్త ఏడ్చింది.

లారీ తిరిగొచ్చేటప్పుడు పంట తనదేనని ఎవరికి వారే అనుకుంటున్నారు. వేలిముద్ర సంగతి ఏడుగురూ మరిచారు.

మర్నాడు తెల్లారేసరికి పది బండ్ల పంటకు ఏడుగురూ కిరాయికి పంపిన డెబ్బై ఖాళీ బండ్లు వచ్చి నిలబడ్డాయి. పరామర్శకు ఇంకా జనం వస్తున్నారనుకుని రూతమ్మ చాపలు పరిచింది. బండివాళ్లు చాపల మీద కూర్చోలేదు, చేనుగట్టు మీద కొట్టుకున్నారు. కాయ ఒక్కటీ కొయ్యలేదు.

ఆ మధ్యాహ్నమే సంఘం కూర్చుంది. దేవదాసును పిలిపించారు. అతను గడప బయట నిలబడ్డాడు.

"మేం పరామర్శకే పోయినం," అన్నాడు సైదులు. "మేమూ అంతే," అన్నారు మిగతావాళ్లు. అందరూ శాకాహారులే గాని రొయ్యల బుట్ట మాయమైనట్టు, పంట మాత్రం ఏడుసార్లు అమ్ముడుపోయింది.

"నేను అయిదు వేళ్లు పట్టానయ్యా. ఇతను తల ఊపాడా లేదా? అడగండి!" అన్నాడు జానయ్య.

"నాకు గూడ ఊపిండు. ఒక్క పంట ఏడుగురికి అమ్ముతవా దేవదాసూ? నియమం ఎరుకే గదా. ఇగ నీ బండి సూర్యాపేట బజార్ల దిగది," అన్నాడు సైదులు.

సూర్యాపేట తప్పితే అతనికి ఇంకో బజారు లేదు. ఇంకో రోజు ఆగితే కాయ చేనులోనే పగులుతుంది.

"సేటూ, మీరు చెయ్యి పట్టుకున్నరు, నేను ఏడ్సిన. మా అమ్మ పోయిందని మీకు గూడ బాధ అయితున్నదనుకున్న. గది బేరమని నాకేం ఎరుక? పన్నెండేండ్ల సంది వస్తున్న, ఎన్నడన్న నా చెయ్యి పట్టిన్రా?"

నాగయ్యకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ముందు పట్టింది నేను," అన్నాడు లేచి. "అది బేరం కాదు. మా అమ్మ యాదికొచ్చింది."

"బేరం కాదంటే మాట తప్పినట్టే. నీ దుకాణం పోతది నాగయ్యా," అన్నాడు సైదులు.

"పోనీ. అయితే దేవదాసుకు ఎరుకలేని బేరం ఎవ్వరిదీ బేరం కాదు. నాతోని మీ ఆరు దుకాణాలు గూడ ఎత్తేయుండ్రి."

ఆరుగురికీ ఒక్కసారిగా దగ్గు వచ్చింది. కాసేపటికి జానయ్యే తేరుకున్నాడు. "పోయిన బేరం పోయింది. అసలు బేరం ఇప్పుడు చేస్తే సరి. ముందు పట్టింది నువ్వే కదా, నువ్వే కానియ్యి," అన్నాడు. పంట నాగయ్యకు పోతున్నా ఎవరూ కాదనలేదు, దుకాణం కంటే దోసకాయ గొప్పది కాదు గదా.

నాగయ్య గడప దాటి వెళ్లి, అందరూ చూస్తుండగా దేవదాసు చెయ్యి అందుకుని కండువా కప్పాడు. మాటంటే మాటే అనుకుని నాలుగు వేళ్లు నొక్కాడు. దేవదాసు తల ఊపలేదు. కండువా కొస మెల్లగా ఎత్తి కిందికి చూశాడు.

"ఇవి ఎన్ని సేటూ?"

"నాలుగు. బజారు ధరకు రెండింతలు!"

"మరి జానయ్య సేటు అయిదు పట్టిననంటుండు గదా?"

నాగయ్య జానయ్య వైపు చూశాడు. జానయ్య పైకప్పు వైపు చూశాడు. కండువా కింద అయిదో వేలు కదిలింది. దేవదాసు అప్పుడు తల ఊపాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఎల్లుండి మా పల్లెల యోహాను దోసకాయ కోస్తడు. ఆయన చెయ్యి గూడ గిట్లనే పట్టాలె. మా వాళ్లందరియి పట్టాలె. గట్లయితేనే మీ పుస్తకంల ముద్ర ఏస్త."

సైదులు గొణిగాడు, సణిగాడు, బజారు స్థలం గుర్తొచ్చి ఒప్పుకున్నాడు. దేవదాసు గడప లోపలికి వచ్చి వేలిముద్ర వేశాడు. మర్నాడు చీకటి పడేలోగా పది బండ్ల కాయ తెగింది.

ఆ సాయంత్రమే సంఘం ఏకగ్రీవంగా ఇంకో నియమం చేసింది: సభ్యులు చావింటికి వెళ్లేటప్పుడు కండువా లేకుండా వెళ్లవలెను.