ఏడో నంబరు సీసా

పదార్థానికి ఘన, ద్రవ, వాయు స్థితులని మూడే ఉన్నాయని పుస్తకాలు చెబుతాయి. ఇంటర్మీడియెట్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకి నాలుగోది కూడా తెలుసు. అది రిజిస్టర్ స్థితి. మొదటి మూడూ వేడిచేస్తే మారతాయి. నాలుగోదాన్ని ఏ దీపం మీద పెట్టినా మారదు.

రామచంద్రపురం దగ్గర్లోని ఒక జూనియర్ కాలేజీ ల్యాబులో (పేరు అనవసరం, తెలిసినా ఎవరూ ఏమీ చెయ్యరు) ఏడో నంబరు సీసా ఉండేది. అందులో ఉన్నది జింక్ సల్ఫేట్ అని రిజిస్టర్లో రాసి ఉంది. నిబంధన పదకొండు ప్రకారం సీసా ఖాళీ అయితేనే కొత్త సరుకు ఇస్తారు. నిబంధన పన్నెండు ప్రకారం సీసా ఎందుకు ఖాళీ అయిందో సంజాయిషీ రాసుకోవాలి. అందుచేత ఆ సీసా ఆరేళ్ళుగా ఖాళీ కాలేదు. మట్టం తగ్గినప్పుడల్లా అటెండరు యెహెజ్కేలు బజారులో రాజమౌళి గారి పచారీ కొట్టుకెళ్ళి, గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు బిందెల్లో తిప్పే పటిక కొని, మెత్తగా నూరి, గీత దాకా పోసేవాడు. ఇందులో దాపరికమేమీ లేదు. అడిగినవాళ్ళు లేరు, అంతే.

ఆ పొడిని బొగ్గు దిమ్మ మీద కాల్చి, కోబాల్ట్ నైట్రేట్ చుక్క వేసి మళ్ళీ కాల్చాలి. జింకు అయితే ఆకుపచ్చ రంగు వస్తుంది, పటిక అయితే నీలం వస్తుంది. ఆరేళ్ళుగా నీలమే వస్తోంది. సీనియర్ల రికార్డుల్లో ఆకుపచ్చ అని ఉంది కాబట్టి ఆరు బ్యాచ్‌ల పిల్లలు నీలాన్ని కళ్ళారా చూసి, ఆకుపచ్చ అని గుండ్రటి అక్షరాలతో రాసి, ఫస్టు క్లాసుల్లో పాసయ్యారు. వాళ్ళలో ఇద్దరు డాక్టర్లు కూడా అయ్యారని వినికిడి.

1979 మార్చిలో ఆ సీసా రాజరాజేశ్వరి ముందుకొచ్చింది. ఈమె ఆ పచారీ కొట్టు రాజమౌళి గారి కూతురే. ఇంటర్ గట్టెక్కితే కాకినాడలో బీఎస్సీ కెమిస్ట్రీకి పంపిస్తానని, గట్టెక్కకపోతే కొట్లో త్రాసు ముందు కూర్చోవాలని తండ్రీ కూతుళ్ళ మధ్య ఒప్పందం. ఆ పిల్లకి కెమిస్ట్రీ అంటే ప్రాణం. అదే ఆమె చేసిన పొరపాటు. పరీక్షలో పరీక్ష చేసింది.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పల్లంరాజు గారు ఆమె కాగితం చూసి ఆగిపోయారు.

"ఏంటమ్మా ఇది? నీలం అంటావేంటి?"

"నీలమేనండి. మీరే చూడండి."

ఆయన న్యాయంగల మనిషి. వంగి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశారు.

"నీలంగానే ఉందమ్మా, నేను కాదనను. కానీ రిజిస్టర్ ప్రకారం ఆకుపచ్చ రావాలి. దిమ్మ ఇంకాసేపటికి చల్లారిపోతుంది. రిజిస్టర్ రేపు కూడా ఉంటుంది కదా?"

ముప్పైకి నాలుగు మార్కులు వేశారు (దీపం జాగ్రత్తగా ఆర్పినందుకు). పోతూ పోతూ, పిల్లని ఒకసారి కంటి డాక్టరుకి చూపించమని కబురు పెట్టారు.

రాజమౌళి గారు రాజమండ్రి తీసుకెళ్ళి చూపించారు. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ప్రభుత్వం తరఫు మనిషి చెప్పాక కళ్ళు బాగుండటమేంటని ఆయన వినలేదు. పవర్ లేని అద్దాలు ఒక జత కొన్నారు.

"అది పటికని నీకు తెలుసు, నాకు తెలుసు. మన కొట్టుదే కదా!" అన్నారు తిరుగు బస్సులో. "జింకు అని రాసేస్తే ఏం పోయిందే? కొట్టుకొచ్చినవాడు అడిగింది ఇస్తాం గాని, వాడికేం కావాలో మనం చెబుతామా?"

ఆ రాత్రి రాజరాజేశ్వరి బెల్లం బుట్టల చాటున కూర్చుని కరువుతీరా ఏడ్చింది. మర్నాటినుంచి త్రాసు ముందు కూర్చుంది. సెప్టెంబరు సప్లిమెంటరీ పరీక్షకి ఫీజు మాత్రం కట్టింది.

ఆగస్టులో యెహెజ్కేలు వచ్చాడు. "ఎప్పటిదేనమ్మా, అరకేజీ."

ఆమెకి మెరుపులా ఆలోచన తట్టింది. రిజిస్టర్ మారనప్పుడు సీసానే మారిస్తే సరి. వరిచేలకి జింకు తక్కువైందని చల్లే జింక్ సల్ఫేట్ పక్క ఎరువుల కొట్లో ఉంది. అది తెప్పించి పొట్లం కట్టింది. "యెహెజ్కేలు గారూ, ఈసారి సీసా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి పొయ్యండి" అంది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ సీసాలోకి నిజం ప్రవేశించింది.

కానీ అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? కెమిస్ట్రీ లెక్చరర్ సూర్యనారాయణమూర్తి గారు మెత్తటి మనిషి. పిల్లకి అన్యాయం జరిగిందని బాధపడి, మార్చిలోనే పై ఆఫీసుకి ఉత్తరం రాశారు. సెప్టెంబరు పరీక్షకి రెండు రోజుల ముందు జవాబు వచ్చింది: "అభ్యర్థిని పరిశీలన సమంజసం. ఏడో నంబరు సీసాను ఇకనుంచి పటికగా భావించవలెను. ఈ మార్పు అత్యంత రహస్యం." అత్యంత రహస్యం కావడంతో పరీక్షనాటి ఉదయం ఇడ్లీల వేళకే ఆమెతోపాటు పరీక్ష రాసే మిగతా పదకొండుమందికీ తెలిసిపోయింది. రాజరాజేశ్వరి ఒక్కతే ఎవరినీ అడగలేదు. ఆమెకి సీసా మీద నమ్మకం.

దిమ్మ మీద చక్కటి ఆకుపచ్చ వచ్చింది. చుట్టూ ఉన్న పదకొండుమంది ఆ ఆకుపచ్చనే చూస్తూ నీలం అని రాసుకుంటున్నారు. ద్వారం దగ్గర యెహెజ్కేలు తన నీలం చొక్కా కాలరు మూడుసార్లు లాగి చూపించాడు. పాపం ఉక్కపోస్తోంది కాబోలనుకుంది.

పల్లంరాజు గారు వచ్చి కాగితం చూసి, దిమ్మ చూసి, రిజిస్టర్ చూశారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

"నీ మాట మీదే కదమ్మా మేం నీలానికి మార్చాం? ఇప్పుడు ఆకుపచ్చ అంటే ఎలా?"

"అప్పుడు నీలమేనండి. ఇప్పుడు ఆకుపచ్చేనండి."

"ఏదో ఒకదానిమీద నిలబడాలమ్మా" అని, ఈసారీ నాలుగే వేశారు.

మరుసటి మార్చిలో రాజరాజేశ్వరి మూడోసారి వెళ్ళింది. పవర్ లేని కళ్ళద్దాలు పెట్టుకుంది. అప్పటికి సీసాలో ఏముందో యెహెజ్కేలుకే సరిగ్గా గుర్తులేదు. ఆమె దీపం వెలిగించలేదు, మూత తియ్యలేదు. నీళ్ళు తాగే వంకతో ద్వారం దాకా వెళ్ళింది.

"యెహెజ్కేలు గారూ, ఈ ఏడు ఏ రంగండీ?"

"నీలమేనమ్మా. ఇంకా మార్చలేదు."

వచ్చి కూర్చుని, నీలం అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ముప్పైకి ముప్పై వచ్చాయి. జూన్‌లో రాజమౌళి గారు స్వయంగా పెట్టె మోసుకుని కూతుర్ని కాకినాడలో దింపి వచ్చారు. ఆమె మార్కుల కాగితంలో రిమార్కుల గడిలో పల్లంరాజు గారు తన చేత్తో ఇలా రాశారు: "కళ్ళద్దాల వలన అభ్యర్థినికి చూపు కుదుటపడినది."