మూడో తరగతి అమ్మవారు

తోటవలస మల్లేటమ్మను రెండో తరగతి నుంచి మూడో తరగతికి దించిన రోజు, అమ్మవారు పీఠం దిగి వచ్చి, ఉత్తర్వు అందినట్టు పసుపు వేలితో ముద్ర వేసి ఇచ్చింది. గుడి ముందు కార్లు తిప్పుకునే జాగా లేదన్నది కారణం. ఉత్తర్వు తెచ్చిన దేవాదాయ శాఖ ఇన్‌స్పెక్టరు ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, మర్యాదగానే వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే సుభద్ర వచ్చింది. ముందురోజు ఆమె కూతురు హేమ జ్వరంతో పోయింది. ఆ ఊళ్లో ఎవరు పోయినా ఇంటివాళ్లు వచ్చి అమ్మవారికి పేరు చెప్పాలి. ఆమె విని "ఇన్నాను" అనాలి. అనేదాకా పోయిన మనిషి పోయినట్టు కాదు; ఇంట్లో కంచం పెడుతూనే ఉండాలి.

సుభద్ర నోరు తెరవబోతే అమ్మవారు చెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పకే ఓలమ్మీ. సావులిప్పుడు నా సేతిలో లేవు. పట్నంలో మొదటి తరగతి అమ్మకి ఎల్లిపోనాయి."

"పుట్టినప్పుడు నీకే గదా సెప్పినాం తల్లీ!"

"పుట్టుకలు ఇప్పటికీ నాయే. జొరాలు, తప్పిపోయిన మేకలు గూడా."

సుభద్ర బస్సెక్కి పట్నం వెళ్లింది. అక్కడి అమ్మవారు అద్దాల గదిలో పనిలో తలమునకలై ఉన్నా విసుక్కోలేదు; సుభద్ర పిల్ల పేరెత్తగానే మాత్రం ఆపింది.

"మీ పాపను నేనెప్పుడూ చూడలేదమ్మా. ఎరగని పిల్ల పేరు వింటే అది వినడం అవదు. ఎరిగిన మల్లేటమ్మను వెంటబెట్టుకుని రండి."

మూడో తరగతి దేవతలకు పొలిమేర దాటే అనుమతి లేదని పక్కనున్న గుమాస్తా గుర్తుచేశాడు. అమ్మవారు నిజమేనన్నట్టు తలూపింది. వరుసలో వెనకవాళ్లు ముందుకు జరిగారు.

తిరిగొచ్చేసరికి మల్లేటమ్మ గుడి మెట్టు మీద కూర్చుని ఉంది. హేమను మోసుకెళ్తుంటే తనూ చూసింది. కానీ చూడటం ఏ తరగతిలోనూ లెక్కకు రాదు.

"కూకో. గుంట జొరం గురించి సెప్పు. అది నాదే గదా."

సుభద్ర కూర్చుంది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిన సంగతి, తడిగుడ్డ మారుస్తూ తను కునుకు తీసిన సంగతి, కషాయం రెండు గుక్కలు తాగి "సేదుగున్నాదే అమ్మా" అని పిల్ల నవ్విన సంగతి చెప్పింది. అమ్మవారు ప్రతి మాటకూ "ఇన్నాను" అంది. చివరి సాయంత్రం దాకా వచ్చి సుభద్ర ఆగింది. అమ్మవారూ ఆగింది; ఆ అవతలిది ఆమె పరిధి కాదు.

మర్నాడూ అంతే. మెల్లగా ఊరంతా ఆ పద్ధతికే అలవాటుపడింది; అందరూ జ్వరం దాకా చెప్పి, లేచి ఇళ్లకు పోతున్నారు. తోటవలసలో ఆ ఏడు ఒక్క చావూ లేదని పైవాళ్లు మెచ్చుకున్నారు.

హేమ చనిపోయిందన్న మాట సుభద్ర ఇంకా ఎవరికీ చెప్పలేదు; ఇంట్లో కంచం పెడుతూనే ఉంది.