బదులు గుండె

ఒక పెద్ద అడవిలో పదవి అంటే వద్దనే జంతువు లేదు, రోగం అంటే ఒప్పుకునే జంతువూ లేదు.

ఆ అడవి పంచాయతీకి ప్రెసిడెంటు భల్లూకరావు అనే ఎలుగుబంటి. పూటకో తేనెపట్టు, వారానికో సన్మానం. ఈ మధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది, గట్టు ఎక్కితే ఎడమ భుజం లాగుతోంది.

"గ్యాసే" అనేవాడు. ఇంకో తేనెపట్టు తిని త్రేన్చేవాడు.

అలాంటి రోజుల్లో డాక్టర్ టకటక వచ్చింది. ఆవిడ వడ్రంగిపిట్ట. మాను మీద ముక్కుతో కొట్టి లోపల పురుగుందో లేదో చెప్పేసే జాతి. అలాగే రొమ్ము మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, గుండె సంగతి చెప్పేది.

"బాగున్నవాళ్ళే ముందు రండి. ఇప్పుడే తెలిస్తే ఆకు పసరుతో, నడకతో సరిపోతుంది" అని చెట్టు చెట్టుకీ చాటింది.

"ఏవండీ, ఒక్కసారి చూపించుకోండి" అంది భల్లూకరావు భార్య మధురమ్మ. "మామయ్యగారు మీ వయసులోనే గ్యాసు గ్యాసంటూ పోయారు."

భల్లూకరావు ముఖం మాడ్చుకున్నాడు. ముందర ఎన్నికలున్నాయి, రోగమని తెలిస్తే ఓట్లు పడవన్నాడు. అసలు నిజం వేరే ఉంది. వాడికి పరీక్షంటే భయం లేదు, ఫలితం అంటేనే చచ్చేంత భయం.

డాక్టరమ్మే గుహకొచ్చింది.

"నా రొమ్ము మీద పొడుస్తావా? నీకెన్ని గుండెలు?" అని గర్జించాడు ప్రెసిడెంటు.

"ఒకటేనండీ. తమరిదీ ఒకటే. అందుకే వచ్చాను."

అప్పుడు పి.ఏ. మర్కటేశం కలగజేసుకున్నాడు. పేరుకు తగ్గట్టే కోతి. "పెద్దవారు నలుగురిలో రొమ్ము చూపిస్తే ఏం మర్యాదండీ? రేపు పరదా కట్టిస్తాను" అన్నాడు.

మర్నాడు టేకాకులతో పరదా లేచింది. మధ్యలో పిడికెడు కన్నం. పరదా వెనక ప్రెసిడెంటు లేడు. వార్డు మెంబరు సీటు ఆశ పెట్టి, కూర్మయ్య అనే తాబేలుని అక్కడ నిలువునా నిలబెట్టాడు మర్కటేశం.

టకటక కన్నంలోంచి కొట్టింది. ముక్కు ఝుమ్మంది.

"రొమ్మేమిటి, ఇంత రాయిలా ఉంది?"

"పదవిలో ఉన్నవాళ్ళకి అలాగే గట్టిపడుతుందండీ" అన్నాడు మర్కటేశం.

ఆవిడ చెవి ఆనించి చాలాసేపు వింది. "ఎంత తాపీ గుండె! ఇంకో నూరేళ్ళకి ఢోకా లేదు" అని ఆకు మీద రాసిచ్చింది.

ఆ ఆకుని ఊరేగించారు. రోజూ దాన్ని చూసుకుని చూసుకుని చివరికి భల్లూకరావు కూడా నమ్మేశాడు. పూటకి రెండు తేనెపట్లు మొదలుపెట్టాడు. మధురమ్మ కూడా హమ్మయ్య అనుకుని వద్దనడం మానేసింది.

ఇంతలో పంచాయతీ ఆరోగ్య నడక పెట్టింది. "అడవిలోకెల్లా గట్టి గుండె మన ప్రెసిడెంటుది. కొండ మీదికి ఆయనే ముందు నడవాలి" అని ఏకగ్రీవ తీర్మానం. కాదంటే ఆకు అబద్ధమవుతుంది. నడిచాడు. సగం కొండకి రొమ్ము పట్టుకుని బస్తాలా కూలబడ్డాడు.

టకటక రెక్కలు విరిగేలా ఎగిరొచ్చింది. నాలుక కింద చేదు బెరడు పెట్టింది. రొమ్ము మీద ఒక్క దెబ్బ కొట్టి ఉలిక్కిపడింది.

"ఇది నేను విన్న గుండె కాదే! ఇది మూడు నెలల కిందట నా చెవిన పడుంటే ఈ కొండ ఎక్కనిచ్చేదాన్నా?"

భల్లూకరావు పి.ఏ. తోక పట్టుకున్నాడు. "ఒరేయ్ మర్కటేశం... ఓర్చుకోలేకపోతున్నానురా... ఆ తాబేలుని పిలవరా!"

"సార్," అన్నాడు మర్కటేశం, మొదటిసారి నిజంగా ఏడుస్తూ, "దీనికి పరదా కట్టడం కుదరదు సార్."

ప్రాణం దక్కింది. పదవి పోయింది, తేనె పోయింది. గుమ్మం దాటాలన్నా ఇప్పుడు మధురమ్మ భుజం కావాలి. ఆవిడ భుజమిస్తూనే తిడుతుంది, తిడుతూనే కళ్ళు తుడుచుకుంటుంది.

కూర్మయ్య మాత్రం ఏటా వచ్చి, పరదా లేకుండా, సొంత పేరు మీదే రొమ్ము కొట్టించుకుని పోతున్నాడు.

నీతి: గుండె పరీక్షకి ఎవణ్ణయినా పంపొచ్చు, గుండెపోటు మాత్రం అసలువాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది.