నడపని ప్రోగ్రాముకు తులసి అంకె కట్టిన వైనం

అయినా చూడని దానికి అంకె కట్టడమెలా, వల పైకి రాకముందే గంపలు లెక్కపెట్టినట్టు కాదూ అది, అని తులసి అంతరంగం సుడి తిరుగుతున్న ఆ మహాఘడియ, నాగావళీ తీర విరాజితమైన శ్రీకాకుళ పట్టణంలో, రెండో అంతస్తు అద్దెగదిలో, ఉదయం పదకొండుంబావు.

ఆమె ఉద్యోగం కోరి వెళ్లింది, రెప్పపాటులో వాటాలు కొని మరో రెప్పపాటులో అమ్మే ముంబయి వ్యాపార సంస్థకు. దాని ఉద్యోగద్వారానికి ఐదు కోటగోడలు. ఆన్‌లైన్ పరీక్ష అనే అగడ్తను ఈది, గణితప్రశ్నల శరపరంపరను డాలుతో తప్పించి, ఇద్దరు ఇంజినీర్ల వాదఖడ్గాలను విరిచి, ఆ జాలరికుల వీరాంగన ఐదో గోడ చేరింది. లాప్‌టాప్ తెరపై పృథ్వీరాజ్ అనే పెద్ద ఇంజినీరు ఆసీనుడై ఉన్నాడు. అతడు చూస్తుండగానే ప్రోగ్రాము రాసి ముగించింది. తప్పు లేదు. నడిపి చూపడమే తరువాయి.

"ఆగండి," అన్నాడతడు. "నడపకముందే చెప్పండి. ఒక్కో ఆర్డరుకు ఎన్ని మైక్రోసెకన్లు పడతాయి? తప్పయినా ఫరవాలేదు. రెండు నిమిషాలు ఆలోచించుకోండి."

తప్పయినా ఫరవాలేదట. శతఘ్నులకు వెరవని ధీర ఆ మాటకు మైకు మూసింది. నలభై అని మనసుకు తోస్తూనే ఉంది. కాని తొమ్మిదేళ్ల వయసులో పడవ మీద "రెండు గంపలు పడతాయి నాన్నా" అన్నందుకు వల ఉత్తదై లేచింది. తండ్రి సోములు తిట్టలేదు, కొట్టలేదు. ఒడ్డు చేరేదాకా ఆమె వైపు చూడలేదు. నాటి నుంచి ఖాయం కాని అంకె ఆమె పెదవి దాటలేదు. ఆ మౌనానికే నిరుడు రెండు కంపెనీలు ఆమెను సాగనంపాయి. ఈ ఏడు మరో పిలుపు లేదు.

నిమిషం అస్తమించింది. అంతలో, రేవులో చేపలు వేలంపాటలో కొని పట్నం వీధుల్లో అమ్మే అమ్మమ్మ బుల్లమ్మ, కానాగంత చేపల గంపతో తలుపు తోసుకుని వచ్చింది.

"ఏటే, అలా బిగుసుకుపోనావు?"

"ఇంటర్వ్యూ అమ్మమ్మా. నడపకముందే లెక్క సెప్పమంతన్నాడు. వలెత్తకముందు సెప్పకూడదు కదా."

"అది పడవ మీద. ఈల్లు కొని అమ్మేవోల్లన్నావు కాదేటి?"

"అవును."

ముప్పైఏళ్ల వేలంపాటల రణరంగాన గొంతు పదునెక్కిన ఆ సేనాని, గంప దించి, కొంగుతో మెడ తుడుచుకుని పలికింది: "పొద్దున్న ఈ గంప పాడినప్పుడు నాను తూకమేసి సూసినానేటి? కంటితో సూసి ఒక అంకె ఇసిరినాను. ఒకోరోజు మునుగుతాను. నోరు మూసుకుంటే మాత్రం పక్కూరిది ఎత్తుకుపోతాది."

"మరి ఆ రోజు నాన్న నా ముకం సూడలేదు."

"సూడలేక. కూతురి ఎదర ఉత్తివల ఎత్తినానని సిగ్గుపడినాడే మీ నాన్న. నాతో సెప్పుకుని ఏడిసినాడు. నీ మాటకి సేపలు పారిపోతాయేటే, పిచ్చిమొకవా."

తులసి లాప్‌టాప్ వైపు తిరిగింది. తెర మీద పృథ్వీరాజ్ గడియారం చూసుకున్నాడు.

వినండి, అష్టదిక్పాలకులారా. కోటలు కూలలేదు, కిరీటాలు దొర్లలేదు. పదమూడేళ్లుగా ఒక పడవలో ఒంటరిగా కూర్చున్న తొమ్మిదేళ్ల పిల్ల ఒడ్డున దిగింది, అంతే. చెమట పట్టిన చూపుడువేలు మౌసును నొక్కింది, మైకు తెరుచుకుంది.

"నలభై," అన్నది తులసి. "నలభై ఉండొచ్చు."