అమ్మన్న పెట్రోలు పాయింట్లు

ఆ ఉదయం అమ్మన్న పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా క్రెడిట్ కార్డు పాయింట్లతో ఊరికే ఒక మిక్సీ తెచ్చుకోవాలి.

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. మాట తక్కువ. రైల్వే పాసు మురిగిపోకూడదని ఒకసారి జ్వరంతో ఉన్న భార్యను కూడా పూరీ తిప్పుకొచ్చాడు. ఆ భార్య అసిరమ్మ ఇప్పుడు రోటి దగ్గర భుజం పట్టుకుని కూర్చుంది. పాత మిక్సీ కాలిపోయి వారమైంది.

"ఇయ్యాల మిక్సీ రాలేదనుకో, రేపట్నుంచి పచ్చడి నువ్వే నూరాల" అంది.

"తెస్తానే. సూడు."

కోడలు ప్రత్యూష ఫోను చూసి చెప్పింది. "మావయ్యా, మిక్సీకి ఇంకా ఐదొందల పాయింట్లు తక్కువ. ఆజ్ లాస్ట్ డేట్. రేపటికి ఉన్నవి కూడా పోతాయి."

పోతాయి అన్న మాట చెవిన పడగానే అమ్మన్న చెప్పులేసుకున్నాడు. సైకిలు మీద వ్యాపార్ విహార్ బజారుకి వెళ్లి బియ్యం బస్తా, నూనె డబ్బా కొని కార్డు గీకించాడు. ఇంటికి ఫోను చేశాడు.

"ఎన్ని పడ్డాయమ్మా?"

"ఒక్కటీ పడలేదు. సామాన్లు కొంటే డబ్బు వెనక్కొచ్చే కార్డు వేరే ఉంటుంది మావయ్యా. విమానం టికెట్లకి పనికొచ్చేది ఇంకోటి. మీది పెట్రోలు కార్డు. బంకులో గీకితేనే పాయింట్లు."

"ఈ ముక్క పొద్దున్నే సెప్పొద్దేటి?"

"మీరు ఆగితే కదా!"

ఇంట్లో ఉన్న ఒక్క స్కూటరూ కొడుకు చిరంజీవితో డ్యూటీకి వెళ్లింది. అమ్మన్న దగ్గరున్నది సైకిలు. దానికి పెట్రోలు పట్టదని, ఫిట్టరు కాబట్టి, వెంటనే గ్రహించాడు. బస్తాతో సహా లాల్‌ఖదాన్ పేట వైపు బంకుకు తొక్కాడు. పెట్రోలు పోయించుకునేవాళ్లకు తన కార్డు గీకించి, వాళ్ల దగ్గర నోట్లు తీసుకుంటే సరిపోతుందనుకున్నాడు.

ఆలోచన బాగానే ఉంది. దాన్ని నాలుగు మాటల్లో చెప్పడమే అతనికి చేతకాలేదు.

"పోయించుకో. కార్డు నాది" అన్నాడు హిందీలో.

మొదటివాడు అర్థం చేసుకుని డబ్బులిచ్చాడు. రెండోవాడు ఊరికే పోయిస్తున్నాడనుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మూడోవాడు, వార్డు ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి, "ఏ పార్టీ, బాబా?" అనడిగాడు. అమ్మన్న ఏమీ మాట్లాడలేదు. పెద్ద నాయకులు అలాగే ఉంటారని అందరికీ తోచింది.

ఎవరో నాయకుడు ఊరికే పెట్రోలు పోయిస్తున్నాడని తెలిసి, కాసేపటికి లాల్‌ఖదాన్ నుంచి జనం డబ్బాలతో దిగారు. ఎవరో మెడలో దండ వేశారు. "బాబాజీ జిందాబాద్!" అన్నారు. ఇంతలో అసలు అభ్యర్థి మనుషులు జీపులో వచ్చారు.

"అచ్ఛా, కొత్తగా నిలబడ్డావా? ఎంతకి తప్పుకుంటావు?"

"ఐదొందలు" అన్నాడు అమ్మన్న. అతని మనసంతా పాయింట్ల మీదే ఉంది. ఇంత చవకైన అభ్యర్థిని వాళ్లు ఎన్నడూ చూడలేదు. నోటు జేబులో కుక్కి వెళ్లిపోయారు.

అంతలో ఫోను మోగింది. "మావయ్యా, బస్! పాయింట్లు సరిపోయాయి."

"మిక్సీ నొక్కెయ్యమ్మా!"

"అదే... మిక్సీ స్టాకు ఇప్పుడే అయిపోయింది. హెల్మెట్ ఒక్కటే ఉంది. వద్దులెండి."

అమ్మన్న ముందు దండ కేసి చూశాడు, తర్వాత ఖాళీ డబ్బాలతో నిలబడ్డ జనం కేసి.

"మురిగిపోతాయమ్మా. అదే నొక్కెయ్."

వారానికి హెల్మెట్ వచ్చింది. అసిరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో పచ్చడెలా నూరాలయ్యా?" అంది. అమ్మన్న వెళ్లి రోలు ముందు కూర్చున్నాడు.

అయినా హెల్మెట్ వృథా పోలేదు. లాల్‌ఖదాన్ వైపు సైకిలు మీద వెళ్లేటప్పుడు అది పెట్టుకుంటే ఓటర్లు గుర్తుపట్టరు.