మంత్రిగారి అమ్మాయి ఎక్కడ చదవాలి?

"నా కన్నకూతురిని మన ప్రభుత్వ యూనివర్సిటీలోనే చదివిస్తాను! ఇది మంత్రిగా చెప్పడం లేదు, ఒక తండ్రిగా చెబుతున్నాను!"

విద్యామంత్రిగారు మైకు పట్టుకుని ఈ మాట అనగానే సభ దద్దరిల్లిపోయింది. ముందు వరసలోని అధికారులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనక వరసలవాళ్ళకి ఏమీ వినపడకపోయినా, ముందువాళ్ళు లేచారు కాబట్టి సభ అయిపోయిందనుకుని వాళ్ళూ లేచారు. సభికులంతా ఒక్కుమ్మడిగా లేచి హర్షం ప్రకటించారని మర్నాడు పత్రికలు రాశాయి.

వేదిక పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ ఒక్క మనిషికి మాత్రం గుండె జారిపోయింది. ఆయన మంత్రిగారి కార్యదర్శి. మంత్రిగారి ఉపన్యాసాలు, ఉత్తర్వులు, అభినందనలు, సంతాపాలు అన్నీ ఆయనే రాస్తారు కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ని డ్రాఫ్టుగారు అంటారు. ఆ రోజు ఆయన రాసిచ్చింది "ప్రభుత్వ విద్యపై నమ్మకం ఉంచండి" అన్నంతవరకే. కూతురి సంగతి చప్పట్ల వేడిలో మంత్రిగారు సొంతంగా కలిపారు.

ప్రభుత్వ యూనివర్సిటీలో ఫిజిక్సుకి ఏటా ఒకే ఒక్క పూర్తి స్కాలర్‌షిప్పు ఇస్తారు. చదువు, హాస్టలు, భోజనం అంతా ఉచితం. ఈసారి పరీక్షలో మొదటి స్థానం మంత్రిగారి అమ్మాయిది. రెండో స్థానం డ్రాఫ్టుగారి అమ్మాయిది. ఇద్దరికీ ఊరి చివరనున్న అద్దాల యూనివర్సిటీలో కూడా సీటొచ్చింది. అది చాలా పేరున్న చోటు. గోడలన్నీ అద్దాలు, గేటు దగ్గర ఫౌంటెను. అక్కడి ఫీజు చూసి డ్రాఫ్టుగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. సున్నాలు ఒక్కటీ చెరగలేదు. అయినా బెంగ పడలేదు. మంత్రిగారి అమ్మాయి ఎలాగూ అద్దాల్లోకే వెళ్తుంది, ఆ స్కాలర్‌షిప్పు తన కూతురికే దిగుతుంది. ఆ ధీమాతో ఇన్నాళ్ళూ ఇంట్లో అందరూ ఒకరితో ఒకరు మర్యాదగా మాట్లాడుకుంటున్నారు.

కారెక్కగానే మంత్రిగారు సీటు వెనక్కి వాలారు.

"ఎలా ఉందయ్యా?"

"అద్భుతం సార్. మరి... ఎప్పుడు చేరుస్తారు సార్?"

"ఎవర్ని?"

"అమ్మాయిగారిని సార్."

"ఎక్కడ?"

"ప్రభుత్వ యూనివర్సిటీలో సార్. ఇప్పుడే ప్రకటించారు కదా."

మంత్రిగారు ఆయనవైపు జాలిగా చూశారు. "ఇన్నేళ్ళు నా దగ్గర పనిచేసి ఏం నేర్చుకున్నావయ్యా? అది ప్రకటన."

డ్రాఫ్టుగారికి ప్రాణం లేచొచ్చింది. అది మంత్రిగారి ఇంటి గుమ్మందాకా ఉంది. గుమ్మంలో అమ్మాయి ఎదురొచ్చి తండ్రిని గట్టిగా పట్టుకుంది.

"థాంక్స్ నాన్నా! టీవీలో చూశాను. ఒప్పుకోరేమో అని హడలిపోయాను. నాకు మొదటినించీ అక్కడే చదవాలని ఉంది. నా అంతట నేను పరీక్ష రాసి తెచ్చుకున్న స్కాలర్‌షిప్పు కదా!"

"ఎవరి రికమండేషనూ లేకుండానా?"

"లేకుండానే. నేను మీ కూతుర్నని వాళ్ళకి తెలీనే తెలీదు."

"అంత చాతకానివాణ్ణా తల్లీ నేను?" అని మంత్రిగారు సోఫాలో కూలబడ్డారు. ఆ దెబ్బ నించి కోలుకోవడానికి ఆయనకి రెండు కాఫీలు పట్టాయి.

ఇక గత్యంతరం లేక మంత్రిగారు, అమ్మాయి, డ్రాఫ్టుగారు కలిసి ప్రభుత్వ యూనివర్సిటీ చూడటానికి వెళ్ళారు. ప్రపంచంలో ఏ యూనివర్సిటీకీ అది తీసిపోదని మంత్రిగారు లెక్కలేనన్ని సభల్లో చెప్పి ఉన్నారు. లోపల అడుగుపెట్టడం మాత్రం అదే మొదటిసారి. చూడకుండానే అంత నమ్మకంగా చెప్పగలగడం అందరివల్లా అయ్యే పని కాదు.

వైస్ చాన్సలర్ పరుగెత్తుకొచ్చి ఎదురేగారు. ల్యాబుకి తాళం వేసి ఉంది.

"తాళంచెవి?"

"అటెండరు దగ్గరుంది సార్."

"పిలవండి."

"రిటైరైపోయాడు సార్. కొత్త పోస్టు మంజూరు కోసం తమరికి ఫైలు పంపాం."

మంత్రిగారు డ్రాఫ్టుగారి వంక చూశారు. డ్రాఫ్టుగారు చెట్ల వంక చూశారు. తర్వాత హాస్టలు చూశారు. అక్కడ లైటు ఆర్పితేనే ఫ్యాను తిరుగుతుంది. పిల్లలు వంతులవారీగా చదువుకుని, వంతులవారీగా చల్లబడుతున్నారు.

"ఫిజిక్సు ఎవరు చెబుతారు?" అని అడిగింది అమ్మాయి.

"చరిత్ర మాస్టారమ్మా. న్యూటన్ దాకా చక్కగా చెబుతారు."

"న్యూటన్ తర్వాత?"

"సెలవులమ్మా."

మంత్రిగారి ముఖం ఎర్రబడింది. "ఇంత అన్యాయమా! దీనికి బాధ్యులెవరు?" అని గర్జించారు. పైకప్పు నించి చిన్న పెచ్చొకటి ఊడి మంత్రిగారి భుజమ్మీద పడింది. వైస్ చాన్సలర్ తన రుమాలుతో దులిపారు.

"బాగుచేయించండి నాన్నా. విద్యామంత్రి మీరే కదా" అంది అమ్మాయి.

ఇలాంటి కోణం ఒకటుందని మంత్రిగారికి అప్పటిదాకా తట్టలేదు.

ఆఫీసుకి తిరిగొచ్చి తలుపేయించారు. "చూడవయ్యా, నా మాట పోకూడదు. పిల్ల అందులో చేరకూడదు. ఏదో ఒకటి రాయి."

డ్రాఫ్టుగారు తన ఉద్యోగ జీవితంలో ఏదీ అంత మనసుపెట్టి రాయలేదు. "ఒక మంత్రి కూతురు ఉచిత స్కాలర్‌షిప్పు తీసుకుంటే, దాని అవసరం నిజంగా ఉన్న మరో బిడ్డ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే" అని మొదలుపెట్టారు. ఆ మరో బిడ్డ ఎలా ఉంటుందో, పొద్దున్నే లేచి ఎలా చదువుతుందో, పాత పుస్తకాలకి ఎలా అట్టలు వేసుకుంటుందో రాసుకుంటూ పోయారు. రాస్తూంటే ఆయనకే కళ్ళు చెమ్మగిల్లాయి. మంత్రిగారు చదివి, "ఈ పిల్లని భలే కల్పించావయ్యా!" అని మెచ్చుకున్నారు.

అమ్మాయి అది రెండుసార్లు చదివింది.

"నిజమే నాన్నా. ఇంతదాకా నాకు తోచలేదు. నేను వదులుకుంటాను, రెండో స్థానంలో ఉన్న అమ్మాయికి ఇమ్మని ఇవాళే రాసిచ్చేస్తాను. కానీ ఒక షరతు. ఆ అమ్మాయి చేరేలోగా యూనివర్సిటీ బాగుచేయించాలి. ప్రకటన కాదు, మాట ఇవ్వాలి."

మంత్రిగారు కూతురి చేతిలో చెయ్యివేసి మాట ఇచ్చారు.

ఆ సాయంత్రం డ్రాఫ్టుగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "నీకేనమ్మా!" అన్నారు. కూతురు అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు తొంగిచూశారు. ఆ వెంటనే ఆ పిల్ల తండ్రిని కూర్చోబెట్టి, న్యూటన్ తర్వాత ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మధ్యలో ఆపలేదు.

మంత్రిగారు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఆయన రాజకీయ జీవితంలో అది మొదటిసారి కావడంతో యంత్రాంగం మొత్తం కంగారుపడింది. యూనివర్సిటీ ముందుభాగమంతా నీలం అద్దాలు బిగించారు. గేటు దగ్గర ఫౌంటెను పెట్టారు. ల్యాబుకి కొత్త తాళం వేశారు.

మర్నాడు ప్రారంభోత్సవమనగా ఆర్థికశాఖ నించి కబురొచ్చింది. అద్దాలకి బిల్లు ఎవరు కడతారని అడిగారు. మంత్రిగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఆలోచించి డ్రాఫ్టుగారిని పిలిచారు.

"రాసుకో. ఇంత గొప్ప సంస్థలో ఉచితం అనే మాట నామోషీ. స్కాలర్‌షిప్పులన్నీ ఈ ఏడాది నించే రద్దు. ఫీజులు సంస్థ స్థాయికి తగ్గట్టు సవరించాలి."

డ్రాఫ్టుగారి పెన్ను ఆగింది.

"సార్, అమ్మాయిగారు వదులుకున్న స్కాలర్‌షిప్పు... ఆ రెండో అమ్మాయి..."

"ఆ అమ్మాయి కోసమే కదయ్యా ఇంత బాగుచేయించాను! రాయి, రాయి."

డ్రాఫ్టుగారు రాశారు. ఒక్క అక్షరదోషం కూడా లేదు.

ప్రారంభోత్సవం అయ్యాక మంత్రిగారు అద్దాల్లో తన ప్రతిబింబం చూసుకుని కండువా సర్దుకున్నారు. మంచి ఉత్సాహంలో ఉన్నారు. డ్రాఫ్టుగారు దగ్గరికెళ్ళి గొంతు సవరించుకున్నారు. రాసినవన్నీ ఇతరుల మాటలే కావడంతో సొంత మాట బయటికి రావడానికి కాస్త టైము పట్టింది.

"సార్... ఆ రెండో అమ్మాయి మా అమ్మాయే సార్. దానిక్కూడా ఇక్కడా, ఆ అద్దాల యూనివర్సిటీలోనూ రెండు చోట్లా సీటొచ్చింది సార్."

"రెండు చోట్లానా!" మంత్రిగారు ఆయన భుజం తట్టారు. "చెప్పవేమయ్యా ఇంతకాలం! ఏది ఎంచుకోవాలా అని ఇంట్లో తలలు బద్దలుకొట్టుకుంటున్నారేమో?"

"నిన్నటినించీ కొట్టుకుంటున్నాం సార్."

"ఇక ఆ బాధ లేదు. ఇప్పుడు రెండు చోట్లా ఒకటే ఫీజు. కళ్ళు మూసుకుని ఏదో ఒకదాంట్లో కట్టెయ్."